థియాక్రిన్ వాడాలనుకుంటే ఏం చేయాలి: లేబుల్ చదవడం నుంచి ఆపేయడం దాకా

కెఫీన్‌లా హుషారు ఇస్తుంది, కానీ గుండె దడ ఉండదు, రోజూ వాడినా ఒళ్లు అలవాటు పడదు, నిద్ర చెడదు. ఒక రకం టీ ఆకులో దొరికే, హుషారు కోసం సప్లిమెంట్లలో కలిపే థియాక్రిన్ గురించి జిమ్ముల్లో, సప్లిమెంట్ షాపుల్లో వినిపించే మాట ఇది. నైట్ షిఫ్టులు చేసేవాళ్లు, గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేవాళ్లు, అమెరికాలో పార్ట్ టైమ్ పని చేసుకుంటూ చదివే మన పిల్లలు దీని గురించి అడుగుతున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే దానికి పునాది కొన్ని వారాలపాటు కొద్దిమంది మీద జరిగిన పరీక్షలే. వాటిని దాటి ఎవరైనా గట్టిగా చెబుతుంటే అది అమ్మకం మాటే అనుకోండి.

ఈ పదార్థం పొద్దున తాగిన టీలా సాయంత్రానికి దిగిపోదు. ఒంట్లోంచి చాలా నెమ్మదిగా బయటికి పోతుంది. వాడేవాళ్లకు వచ్చే ఇబ్బందులు ఎక్కువగా ఈ సంగతి తెలియకపోవడం వల్లే వస్తాయి. కింద చెప్పే పనులన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ముందు ఆ చెట్టు సంగతి తెలుసుకోండి

చైనాలో దక్షిణ యునాన్ కొండల్లో కుచా అనే టీ చెట్టు ఉంది. వృక్షశాస్త్రంలో దాని పేరు కమీలియా అస్సామికా, రకం కుచా. అంటే మన అస్సాం టీకి దగ్గరి చుట్టమే. ఆకు మామూలు టీ కంటే బాగా చేదు. అక్కడి జనం జలుబు చేసినప్పుడు దీన్ని కాచుకుని తాగుతారు. ఆ చేదుకు ఒక కారణం థియాక్రిన్ అనే ఆల్కలాయిడ్, అంటే కెఫీన్‌లా మొక్కలు తయారుచేసుకునే పదార్థం. టీ ఆకులో ఈ పదార్థం ఉందని 1937లోనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త ట్రీట్ జాన్సన్ ప్రకటించారు. దాని ఆరోగ్య ప్రభావాల మీద పరిశోధనలు మాత్రం ఎక్కువగా 2000 తర్వాత జరిగినవే.

కుచా లేత ఆకుల్లో, విచ్చుకునే మొగ్గల్లో ఎండు బరువు మీద సుమారు 2.8 శాతం థియాక్రిన్ ఉంటుంది. దాంతోపాటు 0.6 నుంచి 2.7 శాతం దాకా కెఫీన్ కూడా ఉంటుంది. ముదురు ఆకుల్లో రెండూ తక్కువే. చెట్టు ముందు కెఫీన్ తయారుచేసుకుని, ఆ కెఫీన్‌నే కొన్ని మెట్లలో మార్చి థియాక్రిన్ చేసుకుంటుంది. అందుకే రెండూ ఒకే ఆకులో కలిసి ఉంటాయి. ఎవరైనా కుచాను 'కెఫీన్ లేని అడవి టీ' అని అమ్మితే కొనకండి.

మనం రోజూ కాచుకునే టీపొడిలో లెక్కలోకి తీసుకోదగ్గ థియాక్రిన్ ఉండదు. 'ఎలాగూ టీ తాగుతున్నాం కదా, ఇదీ అలాంటిదే' అనుకోవడానికి వీల్లేదు. డబ్బాల మీద పచ్చని కొండలు, టీ ఆకులు అచ్చు వేసినా లోపల ఉండే పొడి చాలావరకు ఫ్యాక్టరీలో తయారైనదే. అణువు అదే కాబట్టి అందులో మోసం ఏమీ లేదు. 'ప్రకృతి సిద్ధం కాబట్టి ఎంత వాడినా ఫర్వాలేదు' అన్న నమ్మకాన్ని మాత్రం అక్కడే వదిలేయండి.

హుషారుకా, నిద్రకా? ఈ గందరగోళం తేల్చుకోండి

ఇంటర్నెట్‌లో వెతికితే థియాక్రిన్ హుషారునిస్తుందని ఒకచోట, నిద్ర పట్టిస్తుందని ఇంకోచోట కనిపిస్తుంది. రెంటికీ ఆధారాలున్నాయి, అవి జంతువుల మీద చేసిన పరీక్షలు. చైనాలో ఎలుక పిల్లలంత ఉండే చిట్టెలుకల మీద తక్కువ డోసుల్లో చేసిన పరీక్షల్లో అది నిద్రను పెంచింది. పెద్ద ఎలుకలకు ఎక్కువ డోసు ఇచ్చిన ఇంకో పరీక్షలో అవి చురుగ్గా తిరిగాయి. వారం రోజులు వరసగా ఇచ్చినా ఆ చురుకు తగ్గలేదు. 'అలవాటు పడదు' అన్న ప్రచారానికి మొదటి ఆధారం అదే. 2020లో చైనా పరిశోధకులు కెఫీన్‌ను థియాక్రిన్‌గా మార్చే ఎంజైమ్‌ను గుర్తించి రాసిన పత్రంలోనైతే థియాక్రిన్‌ను ఉత్తేజం కలిగించని పదార్థంగానే పేర్కొన్నారు. అదే పదార్థాన్ని హుషారు మందుగా డబ్బాల్లో అమ్ముతున్నారు.

ఇది ఎలా సాధ్యం? మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పెరుగుతూ ఉంటుంది. అది మెదడు కణాల మీద ఉన్న తన గ్రాహకాలకు అతుక్కుంటే నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆ గ్రాహకాలను ఆక్రమించి అడినోసిన్‌ను అడ్డుకుంటుంది. థియాక్రిన్ కూడా ఈ అడినోసిన్ వ్యవస్థ మీదా, మెదడులో ఉత్సాహానికి సంబంధించిన డోపమిన్ అనే రసాయనం మీదా పనిచేస్తుందని జంతువుల్లో తేలింది. డోసును బట్టి, ప్రాణిని బట్టి ఫలితం అటూ ఇటూ మారుతోంది. కాబట్టి పక్కవాడికి హుషారు వచ్చింది కదా అని మీకూ వస్తుందని లెక్క వేసుకోకండి. మొదటి డోసు వేసుకున్న రోజు బండి నడపవద్దని కింద చెప్పబోయేది అందుకే.

మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి. వాటిలో పెద్దదనదగినది 2016లో ప్రచురితమైంది. 60 మంది ఆరోగ్యవంతులకు 8 వారాలపాటు రోజూ 200 మిల్లీగ్రాములు, 300 మిల్లీగ్రాములు, లేదా మందు లేని ఉత్తుత్తి క్యాప్సూల్ ఇచ్చి చూశారు. బీపీలో, నాడిలో, రక్త పరీక్షల్లో ఆందోళన పడాల్సిన మార్పు కనిపించలేదు. హుషారు తగ్గిపోయి డోసు పెంచాల్సిన అవసరమూ కనిపించలేదు. 'అలవాటు పడదు' అన్న మాటకు మనుషుల్లో ఉన్న ఆధారం ముఖ్యంగా ఇదే. 60 మంది, 8 వారాలు, అందరూ ఆరోగ్యవంతులు. ఏడాదిపాటు వాడితే ఏమవుతుందో, బీపీ ఉన్నవాళ్లు వాడితే ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పదు. మిగతా చిన్న పరీక్షల్లో కూడా 'ఓపికగా అనిపించింది, అలసట తగ్గినట్టుంది' అని వాళ్లంతట వాళ్లు చెప్పిన మాటలే ఎక్కువ. జ్ఞాపకశక్తి పెరుగుతుందని, మార్కులు పెరుగుతాయని నమ్మడానికి అవి చాలవు. పరీక్షలకు చదివే పిల్లలకు నేను చెప్పేది సూటిగా ఇదే: దీనికి పెట్టే డబ్బుతో మంచి దిండు కొనుక్కోండి, ఒక గంట ఎక్కువ పడుకోండి.

మీరు వాడకూడని వాళ్లలో ఉన్నారేమో చూసుకోండి

ఈ మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్న దంపతులు, 18 ఏళ్ల లోపు పిల్లలు దీని జోలికి వెళ్లకూడదు. దంపతులు అన్నది ఇద్దరినీ ఉద్దేశించే రాశాను. ఎలుకలకు 90 రోజులు తినిపించిన పరీక్షలో కిలో బరువుకు రోజుకు 180 మిల్లీగ్రాముల దాకా హాని కనిపించలేదు. అంతకు మించిన డోసుల్లో మగ ఎలుకల వృషణాలు దెబ్బతిన్నాయి. మనుషులు తీసుకునే డోసుతో పోలిస్తే అది చాలా పెద్ద మోతాదే. అయినా పిల్లల కోసం చూస్తున్న రోజుల్లో అవసరం లేని పదార్థాన్ని ఒంట్లో వేసుకోవడం దేనికి?

గుండె లయ సమస్యలు, హై బీపీ, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, యాంగ్జైటీ, ప్యానిక్ అటాక్‌లు, నిద్రలేమి, ఫిట్స్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు. మామూలు కాఫీకే చేతులు వణికేవాళ్లు కూడా అంతే.

రోజూ మందులు వేసుకునేవాళ్లు ఆ చీటీ తీసుకుని డాక్టర్ దగ్గరికో, తెలిసిన ఫార్మసిస్ట్ దగ్గరికో వెళ్లండి. ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ కూడా కెఫీన్, థియాక్రిన్‌ల కుటుంబానికి చెందినదే. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్, ఫ్లూవోక్సమైన్ అనే డిప్రెషన్ మందు, గర్భనిరోధక మాత్రలు ఒంట్లో కెఫీన్ కరిగిపోవడాన్ని ఆలస్యం చేస్తాయి. కెఫీన్ నిలిచిపోతే థియాక్రిన్ పరిస్థితీ మారుతుంది. ఎలాగో కింద వస్తుంది.

లేబుల్‌ను వేలు పెట్టి చదవండి

మా బంధువుల అబ్బాయి ఒకసారి అమెరికా నుంచి ప్రీ-వర్కౌట్ (వ్యాయామానికి ముందు తీసుకునే పొడి) డబ్బా తెచ్చాడు. ముందువైపు పెద్ద అక్షరాల్లో థియాక్రిన్ పేరు. వెనక చిన్న అక్షరాల పట్టికలో పై నుంచి నాలుగో వరసలో 'ఎనర్జీ బ్లెండ్' అని ఒకే పేరు, దాని కింద ఏడు పదార్థాలు, అన్నిటికీ కలిపి ఒకే బరువు. అందులో థియాక్రిన్ ఎంతో, కెఫీన్ ఎంతో తెలిసే దారే లేదు. ఆ డబ్బాను వాడవద్దని చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను. ఏ పదార్థం ఎన్ని మిల్లీగ్రాములో విడివిడిగా రాయని డబ్బాను ఎంత ఖరీదైనదైనా, ఎవరు బహుమతిగా ఇచ్చినా పక్కన పెట్టండి.

విడివిడిగా రాసి ఉంటే ఇవి చూడండి. పదార్థం పక్కన బ్రాకెట్లో '40 శాతం థియాక్రిన్' లాంటి మాట ఉంటే, రాసిన బరువంతా థియాక్రిన్ కాదని అర్థం. 125 మిల్లీగ్రాముల పొడిలో 40 శాతమంటే అసలు థియాక్రిన్ 50 మిల్లీగ్రాములే. అలాంటిది లేకుండా ఉత్త థియాక్రిన్ 125 అని ఉంటే మొత్తం 125. రెండు డబ్బాల మధ్య రెండున్నర రెట్ల తేడా ఉండవచ్చన్న మాట. డబ్బా మారినప్పుడల్లా ఈ లెక్క మళ్లీ వేయండి.

తర్వాత సర్వింగ్ అంటే ఎంతో చూడండి. కొన్నిటిలో ఒక సర్వింగ్ అంటే రెండు క్యాప్సూళ్లు, లేదా రెండు స్కూపులు. పేర్లు కలగాపులగం కాకుండా చూసుకోవాలి: థియనిన్, థియోబ్రోమిన్, థియోఫిలిన్ వేరు, థియాక్రిన్ వేరు. థియనిన్ టీలో ఉండే అమైనో ఆమ్లం, థియోబ్రోమిన్ కోకోలో ఎక్కువగా ఉండేది. థియోఫిలిన్ మందుల షాపులో అమ్మే ఔషధం. జాబితాలో మిథైల్‌లైబరిన్ అనే పేరు కనబడితే అది థియాక్రిన్‌కు దగ్గరి రసాయనం, దాన్ని కూడా హుషారు కోసమే కలుపుతారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక్క పదార్థమే ఉన్న డబ్బా తీసుకోవాలి. లేకపోతే ఏది పడలేదో తేలదు.

ఇక్కడ కొంటున్నట్టయితే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్, దిగుమతి చేసిన కంపెనీ చిరునామా, బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఉన్నాయా అని చూడండి. స్టిక్కర్ మీద స్టిక్కర్ అంటించిన డబ్బాలు, విడి పొట్లాల్లో కట్టిచ్చే పొడి వద్దు. ఒక మాట గుర్తుంచుకోండి. లైసెన్స్ నంబర్ ఉంటే అమ్మే కంపెనీ ఎవరో తెలుస్తుంది. డబ్బా మీద రాసినంత పని అది చేస్తుందని ఆ నంబర్ హామీ ఇవ్వదు.

మీ కెఫీన్ లెక్క రాయండి

కెఫీన్, థియాక్రిన్ కలిపి తీసుకుంటే రక్తంలో థియాక్రిన్ మోతాదు పెరుగుతుందని మనుషుల మీద చేసిన ఒక చిన్న పరీక్షలో తేలింది. థియాక్రిన్ వల్ల కెఫీన్ మోతాదు మాత్రం మారలేదు. అంటే, మీరు వేసుకున్న క్యాప్సూల్ ఒకటే అయినా, పక్కన ఫిల్టర్ కాఫీ ఉంటే ఒంటికి అది ఇంకాస్త పెద్ద క్యాప్సూల్. ఈ పదార్థాన్ని అమ్మే చాలా డబ్బాల్లో కెఫీన్ ముందే కలిసి ఉంటుంది. దాని మీద కాఫీ, దాని మీద సాయంత్రం టీ.

అందుకే మొదలుపెట్టడానికి ముందు ఒక వారంపాటు మీరు తాగేవన్నీ రాయండి. కప్పు టీలో సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. కాఫీలో డికాషన్ చిక్కదనాన్ని బట్టి 80 నుంచి 100, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 250 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింక్ క్యానులో 75 నుంచి 80. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 400, ఒకేసారి 200 మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. ఆ సంఖ్య ఒక్క కెఫీన్‌కు సంబంధించినది. పక్కన థియాక్రిన్ కూడా ఉంటే ఎంతవరకు సురక్షితమో అది చెప్పదు. నా లెక్క ప్రకారం థియాక్రిన్ వేసుకునే రోజుల్లో కెఫీన్ 100 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే పొద్దున రెండు చిన్న కప్పుల టీ.

రోజుకు నాలుగైదు కాఫీలు తాగేవాళ్లు ఒక్కసారిగా మానేయకండి. మానేసిన మర్నాటికే తలనొప్పి, చిరాకు పట్టుకుంటాయి. అప్పుడే థియాక్రిన్ కూడా మొదలుపెడితే ఆ తలనొప్పి దేనివల్లో తెలియదు. వారం పది రోజుల్లో ఒక్కో కప్పు తగ్గించుకుంటూ వచ్చి, తలనొప్పులన్నీ పోయాకే తర్వాతి మెట్టుకు వెళ్లండి.

ఒంట్లో ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూడండి

కెఫీన్ సగం తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. పొద్దున 8 గంటలకు 100 మిల్లీగ్రాములు తీసుకుంటే మధ్యాహ్నం ఒంటి గంటకు 50, సాయంత్రం 6కి 25, రాత్రి 11కి 12. పడుకునే వేళకు దాదాపు ఖాళీ. థియాక్రిన్ సగం తగ్గడానికి మాత్రం సుమారు 16 నుంచి 26 గంటలు పడుతుందని మనుషుల మీద చేసిన కొలతల్లో తేలింది.

లెక్క తేలిగ్గా ఉండటానికి 24 గంటలు అనుకుందాం. సోమవారం పొద్దున 200 మిల్లీగ్రాములు వేసుకున్నారు. మంగళవారం పొద్దుటికి 100 మిగిలింది, దాని మీద ఇంకో 200 పడింది, మొత్తం 300. బుధవారానికి అందులో సగం 150, దాని మీద 200, మొత్తం 350. గురువారం 375. అలా పెరుగుతూ 400 దగ్గర నిలుస్తుంది. తూము సన్నగా ఉన్న తొట్టిలో రోజూ ఒక బిందె పోస్తున్నట్టే. మీరు రోజూ వేసుకుంటున్నది 200 అయినా వారం తిరిగేసరికి ఒంట్లో ఉండేది దానికి రెట్టింపు.

'మొదటి రోజు ఏం కాలేదు, బాగానే ఉంది' అని చెప్పేవాళ్లు నాలుగో రోజు రాత్రి నిద్ర రాక దొర్లుతుంటారు, దానికి కారణం మొన్నటి క్యాప్సూల్ అని వాళ్లకు తట్టదు. నైట్ షిఫ్టు వాళ్లకు ఇది మరీ ముఖ్యం. రాత్రి 10కి వేసుకున్నది పొద్దున 8కి ఇంటికొచ్చి కర్టెన్లు వేసుకుని పడుకునే వేళకు ఇంకా సగానికి పైనే ఒంట్లో ఉంటుంది. పగటి నిద్ర ఎలాగూ పలచన, దాన్ని ఇంకా చెడగొట్టుకోవద్దు. నైట్ షిఫ్టు చేసేవాళ్లకు నేను దీన్ని సిఫారసు చేయను.

మొదటి డోసు: ఒక శనివారం పొద్దున

ఇంత చదివాక కూడా ప్రయత్నించాలనిపిస్తే, పద్ధతిగా చేయండి. ఇంట్లో బీపీ మిషన్ ఉండాలి, లేకపోతే తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చుకోండి. వరసగా 5 రోజులు పొద్దున లేచి, కాఫీకి ముందు, కుర్చీలో వీపు ఆనించి 5 నిమిషాలు కూర్చుని బీపీ, నాడి కొలిచి రాసుకోండి. రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, ఎంతసేపటికి నిద్ర పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది అన్నవి కూడా రాయండి. ఈ 5 రోజుల లెక్క లేకుండా తర్వాత వచ్చే మార్పును పోల్చడానికి ఏమీ ఉండదు.

సెలవు రోజున, టిఫిన్ తిన్నాక, పొద్దున 9 లోపు వేసుకోండి. మనుషుల మీద ఎక్కువగా పరీక్షించిన డోసు 200 నుంచి 300 అయినా మీరు 50, మహా అయితే 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టండి. ఆ రోజు కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు, మద్యం వద్దు. బండి నడపవద్దు, ఎండలో బరువులు ఎత్తవద్దు. ఇంట్లో ఒక్కరికైనా ఏం వేసుకున్నారో చెప్పి ఉంచండి.

రక్తంలో అది రెండు గంటల్లోపే గరిష్ఠానికి చేరుతుంది. కాబట్టి 11 గంటలకు ఒకసారి, మధ్యాహ్నం 3కి ఒకసారి, పడుకునే ముందు ఒకసారి బీపీ, నాడి కొలవండి. పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటే చాలు:

శనివారం. 8:40కి 50 మి.గ్రా., రెండు ఇడ్లీల తర్వాత.
11:00. బీపీ 124/80, నాడి 74. తల తేలిగ్గా ఉంది. ఆకలి తగ్గింది.
3:00. బీపీ 122/80, నాడి 72. చదువు మీద కూర్చోగలిగాను, కాస్త నోరు ఎండింది.
రాత్రి 10:30కి పడుకున్నాను. నిద్ర పట్టేసరికి 11:20.

ఈ పేజీలో అసలు చూడాల్సింది ఆఖరి వరస. మామూలుగా పది నిమిషాల్లో నిద్రపోయే మనిషికి ఆ రాత్రి యాభై నిమిషాలు పట్టింది. పగలు ఎంత బాగా గడిచినా అది మీకు సరిపడలేదనే అర్థం.

శనివారం వేసుకున్నాక బుధవారం దాకా మళ్లీ ముట్టుకోవద్దు. పైన వేసిన లెక్క ప్రకారం ఒంట్లోంచి దాదాపు పోవడానికి ఆ నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో కూడా నిద్ర, నాడి రాస్తూనే ఉండండి. అంతా మామూలుగా ఉంటేనే రెండోసారి. డోసు పెంచాలంటే ఒక్కసారికి 50 మించి పెంచకండి, 200 దాటకండి. రోజూ వేసుకోవాలన్న కోరిక పెట్టుకోకుండా వారంలో ఒకటి రెండు రోజులకే పరిమితం చేసుకోండి, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం ఇవ్వండి. అలవాటు పడదన్న పరీక్ష 8 వారాలదే కాబట్టి ఎవరైనా అంతకు మించి వాడటం నాకు ఇష్టం లేదు.

అసలు ఆకే దొరికితే

యునాన్ వెళ్లి వచ్చినవాళ్లో, చైనాలో మెడిసిన్ చదివే పిల్లలో ఎప్పుడైనా కుచా ఆకు తెచ్చిపెట్టవచ్చు. క్యాప్సూల్ కంటే నాకు ఇదే నయమనిపిస్తుంది, ఎందుకంటే చేదు వల్ల ఎక్కువ తాగలేం. అయినా లెక్క ఉండాలి. 3 గ్రాముల లేత ఎండు ఆకులో, 2.8 శాతం చొప్పున 84 మిల్లీగ్రాముల దాకా థియాక్రిన్ ఉండవచ్చు, దాంతోపాటు 18 నుంచి 81 మిల్లీగ్రాముల కెఫీన్. ఆకులో ఉన్నదంతా నీళ్లలోకి దిగదు, కానీ గరిష్ఠంగా ఎంత ఉండవచ్చో తెలిసి ఉండటం మంచిది.

మన పద్ధతిలో పాలు పోసి పొయ్యి మీద మరిగించకండి. చేదు విరుచుకుపడుతుంది, పాలు, చక్కెర దాన్ని ఆపలేవు. ఒకటిన్నర, రెండు గ్రాముల ఆకును గ్లాసులో వేసి, మరిగి దించిన నీళ్లు పోసి, అర నిమిషం ఆగి ఆ నీళ్లు పారబోయండి. మళ్లీ నీళ్లు పోసి ఒక నిమిషానికి వడగట్టి తాగండి. అదే ఆకుతో ఇంకో రెండుసార్లు పోసుకోవచ్చు. అన్నీ కలిపి ఒక్క ఆకు లెక్కే కాబట్టి థియాక్రిన్ మొత్తం ఆ ఆకులో ఉన్నదాన్ని మించదు. మధ్యాహ్నం దాటాక మొదలుపెట్టకండి. ఆ రోజు విడిగా కాఫీ వద్దు.

ఆటల పోటీలకు వెళ్లేవాళ్లకు

కెఫీన్‌ను ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధ జాబితా నుంచి 2004లో తీసేసి, గమనించే జాబితాలో ఉంచారు. థియాక్రిన్ పేరు నిషేధ జాబితాలో లేదు. కానీ ఆ జాబితా ఏటా జనవరి 1న మారుతుంది కాబట్టి మీరు పోటీకి వెళ్లే ఏడాది జాబితాను మళ్లీ చూసుకోవాలి. అసలు ప్రమాదం డబ్బాలో రాయకుండా కలిసిపోయే ఉత్ప్రేరకాలది. శాంపిల్‌లో నిషేధిత పదార్థం దొరికితే అది ఎలా వచ్చిందన్న దానికి బాధ్యత క్రీడాకారుడిదే. 'నాకు తెలియదు, కోచ్ ఇచ్చాడు' అన్న మాట కాపాడదు. జిల్లా స్థాయి దాటి ఆడే పిల్లల తల్లిదండ్రులు ఈ విషయంలో గట్టిగా ఉండాలి. తప్పదనుకుంటే ఇన్‌ఫార్మ్డ్ స్పోర్ట్, ఎన్ఎస్ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ లాంటి బ్యాచ్ పరీక్ష ముద్ర ఉన్నవే కొని, ఆ బ్యాచ్ నంబర్‌ను వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూసి, డబ్బాను పారేయకుండా దాచండి.

ఎప్పుడు ఆపాలి, ఎలా ఆపాలి

వరసగా రెండు రాత్రులు నిద్ర పట్టడానికి మామూలు కంటే అరగంట ఎక్కువ పడితే ఆపేయండి. కూర్చుని ఉన్నప్పుడు నాడి మీ 5 రోజుల సగటు కంటే 10కి మించి పెరిగినా, బీపీ రెండుసార్లు కొలిచినప్పుడు 140/90 చేరినా, చేతులు వణికినా, ఊరికే కోపం, టెన్షన్ వస్తున్నా ఆపేయండి. 'ఇంకో రెండు రోజులు చూద్దాం' అనుకోవడం ఈ పదార్థం విషయంలో పనికిరాదు, ఆ రెండు రోజుల్లో ఇంకా పేరుకుంటుంది. ఆపిన రోజే తేడా తెలియకపోతే కంగారు పడకండి, మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో కెఫీన్ తగ్గించండి, నీళ్లు బాగా తాగండి, సాయంత్రం నడవండి. నిద్ర కోసం నిద్రమాత్ర వేసుకోకండి, ఒకదాని మీద ఇంకోటి వేసి పరిస్థితిని మరింత చిక్కు చేసుకోవద్దు.

ఛాతీలో నొప్పి, గుండె లయ తప్పి కొట్టుకోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, ఊపిరి ఆడకపోవడం, ఆగని వాంతులు ఉంటే పుస్తకాలూ కొలతలూ పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. పిల్లలు పొరపాటున క్యాప్సూల్ మింగినా అంతే, లక్షణాల కోసం ఎదురుచూడవద్దు. ఆస్పత్రికి డబ్బా తీసుకెళ్లండి. చివరి డోసు ఎన్నింటికి, ఎంత, దానికి ముందు మూడు రోజుల్లో ఎన్ని వేసుకున్నారు అన్నది డ్యూటీ డాక్టర్‌కు వరసగా చెప్పండి. 'పొద్దున ఒక్కటే వేసుకున్నాను' అని ఆపేస్తే, మొన్నటివి, నిన్నటివి ఇంకా ఒంట్లో ఉన్నాయన్న సంగతి ఆయనకు తెలిసే అవకాశం ఉండదు. ఏదైనా ఆపరేషన్‌కు తేదీ ఇచ్చి ఉంటే కనీసం వారం ముందే మానేసి, మత్తు ఇచ్చే డాక్టర్‌కు ఈ విషయం మీరే ముందుగా చెప్పండి. వాళ్లు మందుల గురించి అడుగుతారు, సప్లిమెంట్లు గుర్తుకు రాక చాలామంది 'ఏమీ లేవు' అనేస్తుంటారు.